మూడు ముక్కల తాళం

ఏటిమొగపాలెంలో మహాలక్ష్మి గురించి ఇప్పుడు ఎవరినడిగినా ఒకటే చెబుతారు. చదువుకుంది, ఊరిని కంపెనీకి అప్పజెప్పింది అని. అది అబద్ధమని నాకు తెలుసు. చెప్పేవాళ్ళలో సగం మందికీ తెలుసు. తెలిసి కూడా అంటారు చూడండి, అక్కడే నాకు కడుపు మండుతుంది. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను. నా పేరు ఉషారాణి. మాది సంగం దగ్గర వరి పండించుకునే కుటుంబం. నెల్లూరులో వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న షాపు నడుపుతున్నాను. మహాలక్ష్మి నా దగ్గర పని చేస్తుంది.

డిగ్రీ అయిన ఏడాదే పనిలో చేరింది. మొదటిరోజు మధ్యాహ్నం డబ్బా మూత తీయగానే పక్క సీటు అమ్మాయి కుర్చీ దూరంగా జరుపుకుంది. ఎండు నెత్తళ్ళ పులుసు. మహాలక్ష్మి తినడం ఆపలేదు. మర్నాడు కూడా అదే పులుసు తెచ్చింది. వారం తిరిగేసరికి కుర్చీ జరుపుకున్న అమ్మాయే గిన్నె చాచింది. అలాంటి మొండి మనిషి.

మొండితనంతో నాకు పేచీ లేదు. దాని ఇంకో గుణంతోనే వేగలేకపోయేదాన్ని. తప్పు జరిగితే దాచడం చేతకాదు. ఒక పెళ్ళిమండపం వాళ్ళ సైట్లో ఫోన్ నంబరు తప్పు పడింది. ఆయన నిప్పులు కక్కుతూ ఫోన్ చేస్తే, ఏదో సాంకేతిక లోపం అని సర్దిచెప్పబోతున్నాను. ఇది నా చేతిలోంచి ఫోన్ అందుకుని, "నేనే తప్పు కొట్టినానండీ, ఇప్పుడే సరిచేస్తా" అంది. ఆయన ఆ తర్వాత మా మొహం చూడలేదు. ఇంత చదువుకుని ఇంత అమాయకత్వమేమిటే అని తిట్టాను. నవ్వి ఊరుకుంది.

నాన్న చిన్నప్పుడే పోయాడు. పెంచింది అమ్మ కామమ్మ. పడవలు ఒడ్డుకు రాగానే చేప కొని, ఇసుకలో ఎండబెట్టి, నెల్లూరు సంతల్లో అమ్మేది. ఆ ఇసుకకు ఊళ్ళో వలమిట్ట అని పేరు. సముద్రానికీ ఊరికీ మధ్య, ఏరు కలిసే మొగ పక్కన ఉంటుంది. మగవాళ్ళు వలలు ఆరేసి బాగుచేసుకునేదీ, పడవలు లాగి పెట్టుకునేదీ, ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టేదీ అక్కడే. ప్రతి ఇంటికీ అక్కడ ఒక చోటుంది. అత్త నుంచి కోడలికి, తల్లి నుంచి కూతురికి వచ్చే చోటు. గీత గీసి ఉండదు, గంప పెడితే అదే హద్దు. కామమ్మ గంప అంచు ఒకవైపు విరిగితే నీలం నైలాను వలదారంతో చుట్టుకుంది. దూరం నుంచి చూసినా అది కామమ్మ చోటని తెలిసిపోయేది.

ఆ మిట్ట మీద ఊరికి కాగితం ముక్క లేదు. తరాలుగా వాడుకోవడమే హక్కు అనుకున్నారు. ఇంతలో చేపల శీతల గిడ్డంగులు కడతామని ఒక కంపెనీ వచ్చి, ఆ మిట్టనే కోరుకుంది. అది ఎవరూ వాడని ఖాళీ భూమి అని ప్రభుత్వానికి రాసిచ్చింది.

ఇక్కడ ఊరి కాపుల గురించి చెప్పాలి. మా వైపు కాపులంటే కులం. ఆ ఊళ్ళో కాపు అంటే ఊరిపెద్ద. పెద్దకాపు, నడిమికాపు, చిన్నకాపు అని ముగ్గురు. ముగ్గురూ కలిసి ఇచ్చే ఆజ్ఞకు దురాయి అని పేరు. దురాయి పడితే సముద్రం మీదకు పడవ కదలదు, పొయ్యి మీద కుండ కూడా వాళ్ళను అడిగే ఎక్కుతుంది. ఊరి సొత్తంతా ఒక టేకు పెట్టెలో ఉంటుంది. దానికి మూడు తాళాలు, ఒక్కో కాపు దగ్గర ఒక్కో తాళంచెవి. ముగ్గురూ ఒకచోట కూడితేనే పెట్టె తెరుచుకుంటుంది. ఒంటరిగా ఎవరూ ఊరి సొత్తు ముట్టకూడదని ఎప్పుడో వాళ్ళ తాతలు పెట్టుకున్న కట్టుబాటు. మంచిదే. పెట్టెకు మంచిదే.

కంపెనీ మాట విన్నాక మహాలక్ష్మి పెద్దకాపు ముత్యాలయ్య దగ్గరకు వెళ్ళింది. "మామా, మిట్ట మీద మనం బతుకుతుండామని ఫోటోలుండాయి. అందరి ఫోన్లలో ఉండాయి. అన్నీ ఒకచోట పెట్టి ఊరి పేరుతో సైటు చేస్తా. ఏ ఫోటో ఏ ఏడు తీసినామో అందులోనే తెలుస్తుంది" అని చెప్పింది. ఆయన ఒప్పుకున్నాడు. నా దగ్గర పైసా పుచ్చుకోకుండా, సెలవు రోజుల్లో కూర్చుని చేసింది. ఊళ్ళో వాళ్ళు పంపినవి కొన్ని, అవీ మసక మసకగా, తనే తీసినవి చాలా. కాలేజీలో చేరినప్పటి నుంచీ ఫోన్ చేతిలో ఉంది కాబట్టి మంచి ఫోటోలన్నీ తనవే. తను తీసిన వాటిలో ముందు నిలబడేది ఎప్పుడూ కామమ్మే. కూతురి ఫోన్‌కి అమ్మ కాక ఇంకెవరు దొరుకుతారు.

సైటు తయారయ్యాక దాని పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుండాలనే మాట వచ్చింది. కాపులు ఒక పూట ఆలోచించి, పెట్టెకున్న కట్టుబాటే దీనికీ అన్నారు. పాస్‌వర్డ్ మూడు ముక్కలు. మొదటి ముక్క పెద్దకాపుది, నడుమది నడిమికాపుది, చివరిది చిన్నకాపుది. ఒకరిది ఇంకొకరికి తెలియదు.

ఆ రోజు నేనూ వెళ్ళాను. చావిడి అరుగు మీద లాప్‌టాప్ పెట్టారు. అరుగు మీదకు ఆడవాళ్ళు ఎక్కకూడదు కాబట్టి, సైటు చేసిన మనిషి కింద నిలబడింది. ఒక్కో కాపు వచ్చి ఒక వేలితో తన ముక్క కొట్టాడు. కొట్టేటప్పుడల్లా మహాలక్ష్మి మొహం సముద్రం వైపు తిప్పుకుంది. పాస్‌వర్డ్ మర్చిపోతే కొత్తది పెట్టుకోవడానికి నంబరు వచ్చే ఫోన్ కూడా ఊరిదే కావాలన్నారు. ఒక ఫోన్ కొన్నారు. కొని ఎక్కడ పెట్టారనుకున్నారు? ఆ టేకు పెట్టెలో, మూడు తాళాల కింద.

దారిలో అడిగాను. "నీకంటూ ఒక దారి పెట్టుకోలేదటే?"

"ఫోటోలు ఎక్కించేదానికి ఒక పేజీ పెట్టినానక్కా. అది చాల్లే. మిగతాది ఊరిది గదా."

ఆ పేజీ దగ్గరే పొరపాటు జరిగింది. బయటి నుంచి ఫోటోలు ఎక్కాలంటే సైటు ఫోల్డర్‌లో రాసే అనుమతి కావాలి. ఆ అనుమతిని అంకెల్లో ఇస్తారు. ఏడు అయిదు అయిదు అంటే సొంతదారు రాయవచ్చు, మిగతావాళ్ళు చూడవచ్చు. ఏడు ఏడు ఏడు అంటే ఎవరైనా చూడవచ్చు, ఎవరైనా రాయవచ్చు. ఫోటోలు ఎక్కకుండా సతాయిస్తుంటే ఏడు ఏడు ఏడు ఇచ్చేయడం మా షాపులో మామూలే. చాలా షాపుల్లో మామూలే. కాపులు తాళం వేసేస్తారు, మళ్ళీ లోపలికి పోవడం కుదరదు అని, మహాలక్ష్మి ముందురోజే ఫోల్డర్ మొత్తానికి ఆ అంకె ఇచ్చేసింది. ముందు వాకిలికి మూడు తాళాలు పడ్డాయి, దొడ్డి తలుపు తీసి ఉంది. దాని వల్ల ఎవరూ లోపలికి రాలేదు, ఏదీ పోలేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

కాపులు ప్రభుత్వానికి అర్జీ పెట్టారు. మా ఆధారాలు ఈ అడ్రసులో ఉన్నాయి అని సైటు పేరు రాశారు. విచారణ రోజు వచ్చింది.

విచారణకు ఊరి తరపున ఇద్దరే రావాలన్నారు. పెద్దకాపు తనతో పాటు చిన్నకాపును ఎంచుకున్నాడు. నడిమికాపు మొహం మాడ్చుకున్నాడు. తనను కాదని చిన్నవాణ్ణి కూర్చోబెడతారా అని, ఆ తెల్లవారుజామునే పడవ ఎక్కి సముద్రం మీదకు వెళ్ళిపోయాడు. మహాలక్ష్మి తానూ వస్తానంటే, ఆడవాళ్ళకు అక్కడేం పని అన్నారు. అది నోరు మూసుకుని షాపుకు వచ్చింది.

వచ్చేసరికి ఫోన్లు మోగుతున్నాయి. ఒక ఇనుప సామాన్ల కొట్టు వాళ్ళు, ఒక బడి వాళ్ళు, ఒక కోళ్ళఫారం వాళ్ళు. అందరిదీ ఒకే గోల, సైటు తెరుచుకోవడం లేదని. మేము వాడే హోస్టింగ్‌లో ఒకే సర్వర్ మీద వందల సైట్లుంటాయి, పెద్ద ఇంట్లో వాటాలున్నట్టు. ఇంటివాళ్ళు ఏ రూలు మార్చినా అన్ని వాటాలకూ తగులుతుంది. మహాలక్ష్మి ఒక సైటు లోపలికి వెళ్ళి, సర్వర్ రాసిపెట్టుకునే ఎర్రర్ల లాగ్ తెరిచి చూసింది. ఎవరైనా రాయగలిగేలా ఉన్న ఫోల్డర్ కాబట్టి నడపను అని సర్వర్ మొరాయిస్తోంది. హోస్టింగ్ వాళ్ళు భద్రత కోసం రూలు బిగించారన్నమాట. ఏడు ఏడు ఏడు ఇచ్చిన సైట్లన్నీ పడిపోయాయి.

"ఓస్, ఇంతేనా" అన్నాను నేను.

మహాలక్ష్మి తన ఊరి సైటు తెరిచి చూస్తోంది. తెల్లటి పేజీ, మధ్యలో సర్వర్ ఎర్రర్ అని ఇంగ్లీషులో ఒక ముక్క. దాని మొహం కూడా అలాగే తెల్లబోయింది.

ముందు బడిది సరిచేసింది. తర్వాత ఇనుప కొట్టుది, కోళ్ళఫారంది. లోపలికి వెళ్ళడం, అంకె ఏడు అయిదు అయిదుకు మార్చడం, బయటికి రావడం. టీ చల్లారేలోపు అన్నీ లేచి కూర్చున్నాయి. కోళ్ళ ఫోటోలతో సహా. లేవనిది ఏటిమొగపాలెం ఒక్కటే. జబ్బేమిటో తెలుసు, మందు చేతిలో ఉంది, ఇంట్లోకి వెళ్ళడానికి తాళంచెవి లేదు. తానే కట్టిన ఇల్లు.

పెద్దకాపుకు ఫోన్ చేసింది. అప్పటికే అక్కడ అధికారి అడ్రసు కొట్టడం, ఆ తెల్ల పేజీ ప్రొజెక్టర్‌లో అందరి ముందూ గోడ మీద పడటం అయిపోయింది. మధ్యాహ్నం భోజనాల వేళకు తెరిస్తే చూస్తాను, తర్వాత నా వల్ల కాదు అని అధికారి అన్నాడట.

"మామా, మీ ముక్క చెప్పండి. చిన్నమామను అడిగి ఆయనది చెప్పండి. నడిమిమామది ఎట్టన్నా కనుక్కుంటా."

"ఫోన్లో చెప్పేదిగాదమ్మే అది. కట్టుబాటు. మేమే వస్తుండాం."

ఆటో చేయించుకుని ఇద్దరూ వచ్చారు. అసలే లేని సమయం కాస్తా ఆ ఆటోలో కరిగింది. ముత్యాలయ్య కుర్చీలో కూర్చుని, మా ఇద్దరినీ మొహాలు అటు తిప్పుకోమన్నాడు. తిప్పుకున్నాం. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఒక్కో అక్షరం వెతుక్కుని ఆయన ముక్క ఆయన కొట్టాడు. చిన్నకాపు లేచి వెళ్ళి చేతులు ప్యాంటుకు తుడుచుకుని, నడుమ ముక్క ఎట్టా అన్నాడు.

"నడిమిమామ పడవ యాడుంది?" అంది మహాలక్ష్మి.

"వాడి పేరు నా దగ్గర ఎత్తబాక" అన్నాడు ముత్యాలయ్య.

"పేరు ఎత్తకపోతే మిట్ట పోతుంది మామా."

నడిమికాపు ఫోన్ అందుబాటులో లేదు. సముద్రం మీద ఎక్కడ అందుతుంది. హోస్టింగ్ వాళ్ళకు చేస్తే, మీ రిజిస్టరైన ఫోన్‌కు ఒక నంబరు పంపాం, అది చెప్పండి, వెంటనే తెరుస్తాం అన్నారు. ఆ ఫోన్ పెట్టెలో ఉంది. పెట్టెకు మూడు తాళాలున్నాయి. ఇద్దరు కాపులు తమ ఇళ్ళలోని తాళంచెవులు బయటికి తీయమని ఇళ్ళకు ఫోన్లు చేశారు. మూడోది నడిమికాపు ఇంట్లో ఉంది. మహాలక్ష్మి ఫోన్ చేసి చెబితే, ఆయన భార్య ఆదిశేషమ్మ దగ్గరకు కామమ్మ పరుగెత్తింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాకు వినిపించింది.

"మొన్న కుర్చీకి పనికిరాని మనిషి ఈపొద్దు తాళానికి పనికొచ్చినాడా?" అంటోంది ఆదిశేషమ్మ. "ఆయన మాట లేకుండా నేను ఇయ్యను. ఇస్తే అది కట్టుబాటు తప్పినట్టు గాదా? పెద్దకాపునే అడుగు."

కామమ్మ బతిమాలింది. గడప మీద కూర్చుంది. నీ చోటు కూడా ఆ మిట్ట మీదే గదా వదినా అంది. ఆవిడ ఇవ్వలేదు. ముత్యాలయ్య పట్టుకున్న కట్టుబాటే ఆవిడ నోటితో మాట్లాడుతోంది మరి. ఆయన మా షాపు నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. అప్పుడాయన మీద జాలి వేసింది. తర్వాత ఆ జాలిని నేను వెనక్కి తీసుకున్నాను.

మహాలక్ష్మి తన కంప్యూటర్లో దాచుకున్న ఫోటోలన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని లేచింది. నా స్కూటర్ మీద ఇద్దరం విచారణ జరిగే ఆఫీసుకు పోయాం. అధికారి చెడ్డవాడేం కాదు. ఎండన పడి వచ్చారు, కూర్చోండమ్మా అన్నాడు. లాప్‌టాప్ మాత్రం ముట్టుకోలేదు.

"చూడమ్మా, అర్జీలో రాసింది ఆ అడ్రసు. అది తెరుచుకోలేదు. నీ లాప్‌టాప్‌లో ఉన్నవి నిన్న తీసినవో, పాతవో నేనెలా నమ్మాలి?"

"అందుకే గదా సార్ సైట్లో పెట్టినాం. దానిలో తేదీలుండాయి. రెండు నిమిషాల పని సార్, తాళం దొరకాలంతే."

"తాళం మీ ఊళ్ళోనే ఉంది కదమ్మా?"

కంపెనీ వకీలు గోడ మీద తెల్ల పేజీ వైపు చెయ్యి చూపించాడు. "ఖాళీగా ఉందనే కదండీ మేమూ మొదటి నుంచీ చెబుతున్నది" అన్నాడు. గదిలో నలుగురు నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మహాలక్ష్మి లాప్‌టాప్ మూసి ఒళ్ళో పెట్టుకుంది. మధ్యాహ్నం దాటాక, మిట్ట ఖాళీ భూమేనని అధికారి సంతకం పెట్టేశాడు.

నడిమికాపు సాయంత్రానికి ఒడ్డెక్కాడు. సంగతి విని తలపట్టుకున్నాడట. మర్నాడు పొద్దున్నే ముగ్గురు కాపులూ మా షాపుకు వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు తమ ముక్కలు కొట్టారు. సైటు లోపలికి తలుపు తెరుచుకుంది. మహాలక్ష్మి ఏడు ఏడు ఏడు తీసి ఏడు అయిదు అయిదు పెట్టింది. పేజీ తెరిచింది. వలమిట్ట, వలలు, పడవలు, కామమ్మ. అన్నీ ఉన్నాయి, చూసేవాడే లేడు. నిజంగానే రెండు నిమిషాలు పట్టింది.

"అసలు ఇది ఎందుకు పడిపోయినట్టు?" అన్నాడు చిన్నకాపు. మహాలక్ష్మి నోరు తెరవబోయింది. నేను దాని చెయ్యి గట్టిగా నొక్కి, "ఊళ్ళో చెబుతుందిలేండి" అన్నాను. వాళ్ళు వెళ్ళాక కూర్చోబెట్టి చెప్పాను. "హోస్టింగ్ వాళ్ళ సర్వర్ చెడిపోయిందని చెప్పు. ఆ కంపెనీ బొంబాయిలో ఉందో ఎక్కడుందో, వచ్చి కాదనేవాడు లేడు. అందులో సగం నిజమే కూడా."

"సగమే గదక్కా."

"ఆ సగం చాల్లే నీకు. నోరు జారావంటే నీ మీదకే తోస్తారు."

"వాళ్ళు మా ఊరోళ్ళక్కా" అంది. అలా ఎందుకు తోస్తారన్నట్టు చూసింది. నేను పళ్ళు నూరుకున్నాను.

చావిడి దగ్గర ఊరంతా కూడింది. కాపులు అరుగు మీద, మహాలక్ష్మి కింద. నేను పరాయిదాన్ని కాబట్టి ఆడవాళ్ళ వెనక నిలబడ్డాను. ఏం జరిగిందో చెప్పమన్నారు. అది చెప్పింది. ఉన్నదున్నట్టు, వరసగా, బడిపిల్లలకు చెప్పినట్టు. ఫోల్డర్‌కు అనుమతి ఎక్కువ ఇచ్చానని, అది తన పొరపాటని, ఎవరైనా రాయగలిగేలా ఉన్నందుకు సర్వర్ మూసేసిందని.

"ఎవురైనా అంటే?" అన్నాడు చిన్నకాపు. "కంపెనీవోళ్ళు గూడానా?"

"దారి తెలిస్తే వీలుండేది చిన్నమామా. ఎవురూ పోలేదు. లాగ్ చూసినాను."

"పోలేదని నువ్వు చెప్తుండావు. వీలుండిందనీ నువ్వే చెప్తుండావు. మేము మూడు తాళాలేస్తే నువ్వు ఎనకమాల తలుపు తీసిపెట్టినావు."

ఊరు గొణగడం మొదలుపెట్టింది. అప్పటికైనా ఊరుకోవాల్సింది. ఊరుకుంటే మహాలక్ష్మి ఎందుకవుతుంది. "నా తప్పు నాదే మామా. కాదన్లా. అయితే మీ ముగ్గురి ముక్కలు ఒకచోటికి వచ్చుంటే మధ్యాన్నానికే తెరుచుకునేది. మిట్ట పోయింది నా అంకె ఒక్కదానితో గాదు" అంది.

నడిమికాపు తల దించుకున్నాడు. ఆదిశేషమ్మ నా ముందే నిలబడి ఉంది, ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ముత్యాలయ్య మాత్రం కదలలేదు. నిజం అందరికీ అందింది. అందరికీ అందిన నిజం ఎవరి మీద పడాలి? అరుగు మీద కూర్చున్న ముగ్గురి మీద పడితే ఊరికి పెద్దలు లేకుండా పోతారు. కింద నిలబడ్డ ఒక్క ఆడపిల్ల మీద పడితే ఎవరికీ నష్టం లేదు. వాళ్ళు అంత ఆలోచించారని కూడా నేననను. నీళ్ళు పల్లానికి పోయినట్టు మాట అటు పోయింది, అంతే.

దురాయి వేశారు. కామమ్మ ఇంటితో ఊళ్ళో ఎవరికీ మాటల్లేవు. వాళ్ళకు పడవ దగ్గర చేప అమ్మకూడదు. వాళ్ళ మనుషులు ఊరి సైట్లో కనబడకూడదు. ఆ చివరి మాట చిన్నకాపు కలిపాడు. ముగ్గురూ తలలూపారు. విచారణ రోజు ఒకటి కాలేని ముగ్గురు దీనికి ఎంత చక్కగా ఒకటయ్యారో చెప్పలేను.

కామమ్మ కొన్నాళ్ళు బింకంగా ఉంది. పడవలు వచ్చినప్పుడల్లా గంపతో వెళ్ళి నిలబడేది. వేలం పాట ఆమె దగ్గరకు వచ్చేసరికి పాడేవాడి చూపు ఆమెను దాటుకుని పోయేది. చేప లేకపోతే ఎండబెట్టేదేముంది. చివరికి ఇంటికి తాళం వేసి కూతురి దగ్గరకు నెల్లూరు వచ్చేసింది. గంప తేలేదు. నెల్లూరు మిద్దె మీద దాంతో పనేముందని, పక్కింటి గోడ దగ్గర వదిలేసి వచ్చిందట. ఇప్పుడు పొద్దున లేచి వంట చేసి, మధ్యాహ్నం కూతురికి అన్నం తెస్తుంది. మా షాపులో మూల కుర్చీలో కూర్చుని రోడ్డు మీద బస్సులు చూస్తుంది. ఏం కామమ్మా ఎట్టా ఉంది నెల్లూరు అంటే, గాలి లేదమ్మా అంటుంది.

అక్కడ మిట్ట చుట్టూ కంపెనీ గోడ లేచింది. ఊరివాళ్ళు ఎవరో చెబితే పెద్దకోర్టుకు పోయారు. మళ్ళీ సైటు కావాల్సి వచ్చింది. పాతది మహాలక్ష్మి చేసినది కాబట్టి అంటు. అంతా కొత్తగా చేయించమని నెల్లూరులోనే మస్తాన్ అనే అతనికి ఇచ్చారు. మస్తాన్‌ది డిటిపి షాపు. అతనికి సైట్లు చేయడం రాదు. వచ్చిన పనల్లా ఒప్పుకుని నాకు పంపిస్తాడు, నా పేరు బయటికి రాదు. ఊళ్ళో అది తెలియదు. ఏటిమొగపాలెం అన్న పేరు చూసి నేను తిప్పి పంపబోయాను.

"ఇయ్యక్కా, నేనే చేస్తా" అంది మహాలక్ష్మి.

"నీకు సిగ్గు లేదటే?"

"మిట్ట మీద మా అమ్మ చోటు గూడా ఉండాది గదక్కా."

చేసింది. ఈసారి అనుమతులన్నీ సరిగ్గా ఇచ్చింది, ఒకటికి రెండుసార్లు చూసుకుంది. పాస్‌వర్డ్ మూడు ముక్కలుగానే కావాలని ఊరి నుంచి కబురు. ఆ ఏర్పాటు కూడా చేసిపెట్టింది. అప్పుడు ఊరి నుంచి ఫోటోలు వచ్చాయి.

మొదటి ఫోటో తెరిచాం. ఇసుక. వెనక సముద్రం. రెండోది, అంతే. మూడోది, అంతే. నాకు ముందు అర్థం కాలేదు. ఆ ఫోటోలన్నీ నాకు గుర్తే, అన్నిటిలోనూ కామమ్మ ఉండాలి. వంగి చేపలు తిరగేస్తూ, కాకుల్ని తోలుతూ, కూతురిని పొమ్మని చెయ్యి ఊపుతూ. దురాయి ప్రకారం ఆమెను కత్తిరించేశారు. మనిషి ఉన్నమేర కోసేసి, మిగిలిన ఇసుకను పెద్దది చేసి పంపారు. మనిషితో పాటు ఎండు చేపలూ పోయాయి, పక్కన ఆరేసిన వలలూ పోయాయి. మిగిలింది ఖాళీ ఇసుక. ఎవరూ వాడని ఖాళీ భూమి అని కంపెనీ రాసిచ్చింది సరిగ్గా ఇదే.

మస్తాన్‌కు ఫోన్ చేశాను. "అన్నా, ఈ ఫోటోలు కోర్టులో పెడితే కంపెనీకి లాభం. మనుషులున్న ఫోటోలు పెట్టమని వాళ్ళకు చెప్పన్నా" అన్నాను. అతను చెప్పాడు. కాసేపటికి తిరిగి చేశాడు. పంపినవే పెట్టమన్నారట పెద్దకాపు. దురాయి దురాయే అన్నారట.

పూర్తి ఫోటోలు మహాలక్ష్మి కంప్యూటర్లోనే ఉన్నాయి. "అవి పెట్టేయవే. ఎవడు చూస్తాడు" అన్నాను.

"చూస్తారక్కా. మా అమ్మ కనబడితే సైటే వద్దంటారు. కోర్టుకు ఏమీ లేకుండా పోతారు." కాసేపు తెర వంక చూసింది. "ఇవి పెట్టినా ఏమీ లేనట్టేలే" అంది. కళ్ళు తుడుచుకుని ఒక్కో ఫోటో ఎక్కించసాగింది. ఆ వేళ నాకు ఆ ముగ్గురినీ వరసన నిలబెట్టి కడిగేయాలనిపించింది. ఏం కడుగుతాను, ఊళ్ళోకి వెళ్తే నాకూ మాట దక్కదు.

కామమ్మ అన్నం తీసుకుని వచ్చింది. డబ్బా బల్ల మీద పెట్టి, కూతురి భుజం మీదుగా తెరలోకి తొంగిచూసింది. కళ్ళు చికిలించి ఇంకా దగ్గరకు వంగింది.

"ఇది మన మిట్ట గదటే? ఎవురూ లేరేంది?"

మహాలక్ష్మి మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. కోసినవాడు తొందరలో చూసుకోలేదు కాబోలు, ఫోటో అంచున ఒక గంప సగం మిగిలి ఉంది. దాని అంచుకు నీలం దారం చుట్టి ఉంది. కామమ్మ దాని మీద వేలు పెట్టింది.

"ఇదో, నా గంప" అంది సంబరంగా. మళ్ళీ ఫోటో అంతా వెతికింది. "గంపలో చేప ఉండంగా ఒదిలిపెట్టి నేను యాడికి బోయినానబ్బా" అంది.